కీళ్లవాతం, లూపస్ ఉన్నవాళ్ళు తల్లి కావచ్చా?

గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల వైపు బొగ్గుబాయి కుటుంబాల నుంచి ఎక్కువగా వచ్చే ఒక ప్రశ్న గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. "మా కోడలికి లూపస్ అన్నారు, పిల్లలు పుడతారా?" "నాకు కీళ్లవాతం ఉంది, గర్భం వస్తే గోలీలు ఆపేయాలా?" అడిగే మాట వేరువేరుగా ఉన్నా, అందరి మనసులో ఉన్న భయం ఒక్కటే.

ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత వివరం. చాలామంది తల్లి కావచ్చు, ఆరోగ్యమైన బిడ్డను కనవచ్చు. కానీ ఒక షరతు ఉంది. జబ్బు కనీసం ఆరు నెలలు నెమ్మదించి ఉండాలి, మందులు గర్భం రాకముందే సరిచేసుకోవాలి. ఈ రెండూ జరిగితే ప్రమాదం చాలా తగ్గుతుంది. ఈ రోజు మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

అసలు ఈ జబ్బులు ఏంటి? మన ఒంట్లో క్రిములతో పోరాడే రక్షణ వ్యవస్థ ఉంటుంది కదా, అది దారి తప్పి సొంత శరీరం మీదే దాడి చేస్తుంది. కీళ్ళ మీద చేస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్, మనం కీళ్లవాతం అంటాం. చర్మం, కీళ్ళు, కిడ్నీలు, రక్తం అన్నింటి మీదా చేస్తే లూపస్. లూపస్ వచ్చేవాళ్ళలో పదింట తొమ్మిది మంది ఆడవాళ్ళే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులోనే. అందుకే ఇది పెళ్లి, సంసారం, పిల్లలు అన్నింటితో ముడిపడిన సమస్య అయింది.

కొందరు "ఇది బొగ్గు దుమ్ము వల్ల వచ్చిందా డాక్టర్?" అని అడుగుతారు. 1953లో కాప్లాన్ అనే డాక్టర్ వేల్స్ దేశంలో బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తూ, కీళ్లవాతం ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లో ప్రత్యేకమైన గడ్డలు గుర్తించారు. రాతి దుమ్ములో ఉండే సిలికాకి, ఈ జబ్బులకి సంబంధం ఉందని కూడా తర్వాత తేలింది. కానీ అది ఏళ్ళ తరబడి దుమ్ములో పనిచేసేవాళ్ళ సంగతి. క్వార్టర్‌లో ఉండే కోడలికి లూపస్ వస్తే దుమ్మును తిట్టి లాభం లేదు, కోడలిని తిట్టి అసలే లాభం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గర్భం మీద ఈ జబ్బు ఎట్లా దెబ్బకొడుతుంది? తల్లికీ బిడ్డకీ మధ్య ఉండేది మాయ. బిడ్డకు రక్తం, ఆహారం, ఆక్సిజన్ అందేది దాని ద్వారానే. జబ్బు రగులుతున్నప్పుడు మాయ సరిగ్గా ఎదగదు. అప్పుడు బిడ్డ బరువు పెరగదు, నెలలు నిండకుండానే కాన్పు అవుతుంది, తల్లికి బీపీ పెరుగుతుంది. ఆ బీపీ ముదిరి ఫిట్స్ వస్తే దాన్నే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అన్నారు.

మరి జబ్బు నెమ్మదిగా ఉంటే? దీనికి మంచి ఆధారం ఉంది. అమెరికా, కెనడాల్లో ప్రామిస్ అనే పెద్ద అధ్యయనం చేసి, 2015లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు నెమ్మదించిన, లేదా స్వల్పంగా ఉండి నిలకడగా ఉన్న 385 మంది లూపస్ గర్భిణులను చూశారు. అందులో 81 శాతం మందికి పెద్ద ఇబ్బందులేమీ లేకుండా కాన్పు జరిగింది. వందలో ఎనభై ఒక్కరు! "లూపస్ ఉంటే పిల్లలే వద్దు" అని చెప్పిన పాత రోజులతో పోల్చి చూడండి. అయితే ఒక మాట. ఆ అధ్యయనంలో కిడ్నీ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళను చేర్చుకోలేదు. అంటే ఈ లెక్క జబ్బు అదుపులో ఉన్నవాళ్ళదే. అందుకే ఆరు నెలలు ఆగమని అంటున్నాను.

ఆగడం అంటే ఊరికే కూర్చోవడం కాదు, ఆ టైంలో చేయాల్సిన పనులు ఉన్నాయి. మొదటిది మందుల లెక్క. మెథోట్రెక్సేట్, అంటే వారానికి ఒక్కసారి వేసుకునే గోలీ, కీళ్లవాతానికి చాలా మంచి మందు. కానీ గర్భంలో బిడ్డ అవయవాలు దెబ్బతింటాయి. గర్భం కోసం ప్రయత్నించడానికి ఒకటి నుంచి మూడు నెలల ముందే ఆపాలి. కిడ్నీ లూపస్‌కి ఇచ్చే మైకోఫెనోలేట్‌ను కనీసం ఆరు వారాల ముందు ఆపాలి. లెఫ్లునమైడ్ ఆపినా చాలా నెలలు ఒంట్లోనే ఉండిపోతుంది, దాన్ని బయటికి పంపడానికి వేరే మందు వాడాలి. ఇవి ఆపి, వీటి బదులు గర్భంలో పనికొచ్చే అజాథియోప్రిన్, సల్ఫాసలజీన్ లాంటివి పెడతారు. కొత్త మందు మీద జబ్బు నిలకడగా ఉందో లేదో కొన్ని నెలలు చూడాలి. ఆ ఆరు నెలలు ఇందుకే.

ఈ లోపు గర్భం రాకుండా చూసుకోవాలి కదా. కాపర్ టీ వీళ్ళకు పనికొస్తుంది. కానీ ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లూపస్ రగులుతున్నవాళ్ళకి, రక్తం గడ్డకట్టే యాంటీబాడీలు ఉన్నవాళ్ళకి వద్దు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకండి.

రెండోది, ఆపకూడని మందు. అదే హైడ్రాక్సీక్లోరోక్విన్. 2020లో కోవిడ్ రోజుల్లో టీవీల్లో దీని పేరు అందరూ విన్నారు. మలేరియా మందుగా మొదలైంది, లూపస్‌కి వెన్నెముక అయింది. మన ఇళ్ళలో ఏం జరుగుతుందంటే, నెల తప్పిందని తెలియగానే పెద్దవాళ్ళు ప్రేమగానే అంటారు: "గోలీలన్నీ బంద్ చెయ్ బిడ్డా, పొట్టల పిల్లకు మంచిది కాదు." ప్రేమలో తప్పు లేదు, సలహాలో ప్రమాదం ఉంది. ఇది ఆపేస్తే లూపస్ తిరగబడుతుంది, తిరగబడిన లూపస్ ఆ గోలీ కంటే బిడ్డకు ఎన్నో రెట్లు ప్రమాదం. 2020లో అమెరికా రుమటాలజీ డాక్టర్ల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, లూపస్ ఉన్న గర్భిణులందరూ వీలైతే ఇది వాడాలనే ఉంది. బరువును బట్టి మోతాదు, అప్పుడప్పుడు కంటి పరీక్ష. అంతే.

నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటివి మాత్రం ఐదో నెల దాటాక సొంతంగా వేసుకోవద్దు. బిడ్డ కిడ్నీల మీద, ఉమ్మనీరు మీద ప్రభావం పడుతుంది. చివరి నెలల్లో అయితే బిడ్డ గుండెలో తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు.

మూడోది, రెండు రక్త పరీక్షలు. ఒకటి యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. 1983లో లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ అనే డాక్టర్ ఈ జబ్బును వివరించారు. మాయలో రక్తం గడ్డకట్టి పదేపదే గర్భం పోతుంది. "దిష్టి తగిలింది", "ఆమె కడుపు నిలవదు" అని నిందలు పడ్డ కొందరిలో అసలు కారణం ఇది. రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్, దానితో పాటు హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తే ఎంతోమందికి బిడ్డ నిలుస్తుంది. రెండు మూడు సార్లు గర్భం పోయినవాళ్ళు ఈ పరీక్ష గురించి తప్పకుండా అడగండి.

రెండో పరీక్ష యాంటీ రో. ఇది ఉన్న తల్లుల్లో వందకి సుమారు ఇద్దరి బిడ్డలకు గుండె కొట్టుకునే వేగం బాగా పడిపోయే సమస్య వస్తుంది. ముందే ఒక బిడ్డకు వచ్చి ఉంటే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం వందకి 16 నుంచి 18 దాకా పెరుగుతుంది. ఇక్కడ కూడా హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించిందని 2020లో వచ్చిన అధ్యయనం చూపింది. ఇట్లాంటి తల్లులకు నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా బిడ్డ గుండె స్కాన్ చేయిస్తూ ఉండాలి.

ఇంకొకటి చాలా ముఖ్యం. గర్భంలో బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే అది మామూలు గర్భిణి బీపీ కావచ్చు, లూపస్ కిడ్నీని పట్టుకోవడమూ కావచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం వేరు. అందుకే ప్రతి చెకప్‌లో బీపీ, మూత్రం చూడాల్సిందే. కాళ్ళ వాపు, తలనొప్పి, కళ్ళు మసకబారడం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఇంటాయన నైట్ షిఫ్ట్‌లో ఉన్నా సరే, పక్క క్వార్టర్ వాళ్ళను లేపి ఆస్పత్రికి వెళ్ళండి.

కీళ్లవాతం కథ కొంచెం వేరు. గర్భంలో సగానికి పైగా ఆడవాళ్ళకి నొప్పులు తగ్గుతాయి. 1938లోనే ఫిలిప్ హెంచ్ అనే అమెరికా డాక్టర్ ఇది గమనించారు. ఒంట్లోనే ఏదో మందు తయారవుతోందని వెతుకుతూ పోయిన ఆయన కార్టిసోన్ వైద్యంలో భాగమై, 1950లో నోబెల్ అందుకున్నారు. కానీ కాన్పు అయిన కొన్ని నెలల్లో నొప్పులు మళ్ళీ వస్తాయి. బిడ్డను ఎత్తుకోలేని తల్లిని చూసి "బద్ధకం" అనకండి, అది జబ్బు. హైడ్రాక్సీక్లోరోక్విన్, తక్కువ మోతాదు స్టెరాయిడ్, అజాథియోప్రిన్ వాడుతూ పాలు ఇవ్వవచ్చు.

మన ప్రాంతానికి సంబంధించి రెండు మాటలు. రామగుండం ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఎండ లూపస్‌ను రేపుతుంది, కాబట్టి గొడుగు, నిండు చేతుల బట్టలు సోకు కాదు, వైద్యమే. ఇక డాక్టర్ల సంగతి. 2022లో రామగుండంలో మెడికల్ కాలేజీ మొదలైంది, సింగరేణి వాళ్ళకు ఏరియా ఆస్పత్రి ఉంది. నెలనెలా చెకప్ దగ్గర్లో చేయించుకోండి. కానీ గర్భం ప్లాన్ చేసే ముందు ఒక్కసారైనా రుమటాలజిస్ట్‌ను కలవండి, హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. సింగరేణి కుటుంబాలు రిఫరల్ గురించి ముందే అడిగి పెట్టుకోండి, ఏడో నెలలో పరుగులు పెట్టే బదులు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. గర్భం, కాన్పు వల్ల అనారోగ్యం వస్తే ఇంకో నెల దాకా సెలవు అడగవచ్చు.

చివరగా పెళ్లి సంగతి. జబ్బు దాచి పెళ్లి చేస్తే ఏమవుతుంది? అత్తగారింట్లో గోలీలు దాచుకుని వేసుకోవాలి, కొన్నాళ్ళకు వేసుకోవడం మానేస్తారు. జబ్బు రగిలినప్పుడే గర్భం వస్తుంది. ఇప్పటిదాకా చెప్పిన ప్రమాదాలన్నీ మొదలయ్యేది అక్కడే. భర్తకి తెలిస్తే రిపోర్టుల ఫైల్ పట్టుకుని పక్కన కూర్చుంటాడు, డేట్లు గుర్తుపెట్టుకుంటాడు. కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి: దాచకండి, చెప్పి చేయండి.

మీ మందులు మీరే ఆపకండి, మీరే మార్చకండి. ఈ ఎపిసోడ్ చూసి మీ డాక్టర్‌ను ఒకే ప్రశ్న అడగండి: "నా జబ్బు నెమ్మదించి ఆరు నెలలు అయిందా?" అక్కడి నుంచి ప్లాన్ మొదలుపెట్టండి.