పస్కాపండుగయు పునరుత్థానపండుగయు



పల్నాటిసీమలోని క్రైస్తవుల యిండ్లలో ఏటేట నొక ప్రశ్న వినవచ్చుచుండును. క్రిస్మసు డిసెంబరు 25వ తేదిని విడువదు గదా, పునరుత్థానపండుగ మాత్ర మేల యొకయేడు మార్చిలోను మఱియొకయేడు ఏప్రిలులోను వచ్చును? పిల్లలట్లడుగగా పెద్దలు గోడమీది క్యాలెండరును చూపి యూరకుందురు. ప్రత్యుత్తరము ఆకాశమున నున్నది. శుభశుక్రవారపు రాత్రి వాకిటిలో నిలిచి చూచినచో చంద్రుడు పున్నమకు చేరువగానో, పున్నమ దాటి తరుగుచునో కానవచ్చును. అది యూదుల పస్కాను నిర్ణయించిన చంద్రుని ఆనవాలు.

ఐగుప్తులో దాస్యమున మ్రగ్గిన ఇశ్రాయేలీయులు విడుదలపొందిన రాత్రిని స్మరించుటకు యూదులు నీసాను మాసపు 14వ దినము సాయంకాలమున పస్కా నాచరింతురు. పులియని రొట్టెయు చేదుకూరలును ఆ భోజనమునకు ముఖ్యములు. పిండి పులియువఱకు నిలుచుటకు వ్యవధి లేక బయలుదేరిరి గనుక రొట్టె పులియనిది. నిత్యము జొన్నరొట్టె తిన్న పల్నాటివారికి దీనిని వేఱుగ బోధింప నక్కఱలేదు. అయితే గోధుమ, యవలు మొదలగు నైదు ధాన్యములకే యూదధర్మశాస్త్రము అనుమతి నిచ్చును గనుక మన జొన్నరొట్టె ఆ బల్లమీదికి పనికిరాదు! చేదుకూర దాస్యపు చేదునకు గుర్తు. ఉగాదినాటి వేపపువ్వు రుచి యెఱిగిన మనకు, పండుగనాడు చేదు తినుట వింతగా నుండదు.

యేసుక్రీస్తు మరణము ఈ పండుగదినములలోనే యెరూషలేమున జరిగెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలనుబట్టి ఆయన శిష్యులతో భుజించిన కడపటి భోజనము పస్కాభోజనమే. యోహాను సువార్తనుబట్టియన్ననో, పస్కా గొఱ్ఱెపిల్లలు వధింపబడు దినముననే ఆయన సిలువ వేయబడెను. ఈ భేదమును సమన్వయించుటకు పండితులు నేటికిని శ్రమించుచున్నారు. నలుగురును ఆ మరణమును పస్కా వెలుగులో గాక వేఱొకరీతిగ చూడజాలకపోయిరనుటయే నాకు ముఖ్యముగ తోచుచున్నది. పౌలు సయితము కొరింథు సంఘమునకు వ్రాయుచు క్రీస్తును పస్కాబలిగానే వర్ణించెను.

మొదటి క్రైస్తవులకు రెండు పండుగలకును పేరొక్కటే. గ్రీకులోను లాటినులోను క్రీస్తు పునరుత్థానపండుగను నేటికిని పస్కా యనియే యందురు. మన కతోలికులును పాస్కాపండుగ యందురు. ఇంగ్లీషు మిషనరీభాషనుండి ఈస్టరు అను మాట నెరవు తెచ్చుకొన్న మనలోని తక్కినవారికి ఈ బంధుత్వము చెవిని పడకుండ పోయినది.

తేదినిగూర్చిన వివాద మల్పమైనది కాదు. చిన్నఆసియాలోని సంఘములు యూదులతోపాటు 14వ దినముననే పండుగ చేయగా, రోమాలో ఆదివారమున చేసిరి. 155 ప్రాంతమున స్ముర్నలోని వృద్ధుడగు పొలికార్పు రోమాకు పోయి అచ్చటి అనికేతసుతో చర్చించెను. ఒకరి నొకరు ఒప్పింపలేకపోయినను సమాధానముతో విడిపోయిరి. నైకేయ సభ 325లో అందఱు నొకే ఆదివారమున ఆచరింపవలెననియు, యూదుల లెక్క నాశ్రయింపరాదనియు నిశ్చయించెను. సభానంతరము కాన్‌స్టాంటైను చక్రవర్తి పంపిన లేఖలో యూదులయెడ పరుషభాషణము గలదు. గణితమున వచ్చిన భేదము ద్వేషమునకు భాష నిచ్చుట అచ్చట కనబడుచున్నది.

2024లో యూదులకు అధికమాసము వచ్చెను. అందుచేత ఫాల్గుణపూర్ణిమ తరువాత మార్చి 31న మన పునరుత్థానపండుగ కాగా, వారి పస్కా చైత్రపూర్ణిమనాటి లెక్కతో ఏప్రిలు 22 సాయంకాలమున మొదలయ్యెను. 2025లో అట్లుగాక, పస్కా ఏప్రిలు 12 సాయంకాలమున, పునరుత్థానపండుగ 20న వచ్చెను. అధికమాసము నెఱిగిన తెలుగువారికి ఈ లెక్క సుబోధమే.

ఇక పల్నాటి మాట. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యరు తరువాత గురజాలను కేంద్రముగ జేసికొని యీ సీమలో బోధించెను. పిదప నరసరావుపేట ప్రాంతమున బాప్టిస్టులును, రెంటచింతల ప్రాంతమున కతోలికులును సంఘములు స్థాపించిరి. సువార్తను స్వీకరించినవారిలో అధికసంఖ్యాకులు మాలమాదిగ కుటుంబములవారు. వెట్టిచాకిరి నెఱిగినవారికి ఫరో యొక పురాణపురుషుడు కాడు. ఇటుకలు చేయించి గడ్డి నీయని యజమానుని కథ వినగానే వారికి అర్థమైయుండుననుటలో సందేహములేదు. పస్కాను గూర్చిన బోధ మనకు ముందుగా విమోచనవార్త.

అట్టి సంఘములలో శుభశుక్రవారమునాడు కొందఱు బోధకులు "యూదులు క్రీస్తును చంపిరి" అని జాతినంతటిని నిందించుట విచారకరము. సిలువ రోమీయుల శిక్ష. ఆజ్ఞ యిచ్చినవాడు పిలాతు. ఈ నింద యైరోపాలో శ్రమవారపు దినములలోనే యూదుల యిండ్లపై బడిన హింసకు కారణమయ్యెను. లూథరు 1543లో యూదులకు విరుద్ధముగ వ్రాసిన క్రూరవాక్యములను అమెరికాలోని లూథరన్ సంఘము 1994లో బహిరంగముగ త్రోసిపుచ్చెను. కతోలిక సంఘము 1959లో శుభశుక్రవారపు ప్రార్థననుండి యూదులను కించపఱచు విశేషణమును తీసివేసి, 1965లో వాటికను మహాసభ ద్వారా ఆ సామూహికనిందను నిరాకరించెను. మన బోధకులు ఈ వార్త లెఱిగి బోధించుట న్యాయము.

యూదులు మనకు దూరదేశపువారు మాత్రమే కారు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమున బెనే ఎఫ్రాయీములని తమ్ము పిలుచుకొను తెలుగు కుటుంబములు కలవు. ఒకప్పుడు క్రైస్తవసంఘములలో నుండినవారు. గత శతాబ్దపు చివరిభాగమున యూదాచారము ననుసరించిరి. వారి పస్కా మన సువార్తకు పీఠిక కాదు, వారి పండుగ. నేడు కొన్ని క్రైస్తవసంఘములు తామే పస్కాబల్ల సిద్ధపఱచుకొనుచున్నవి. నేర్చుకొనుట మంచిదే గాని, ఆ బల్ల ప్రస్తుతరూపము చాలవఱకు 70లో దేవాలయము నాశనమైన తరువాతి యూదగురువులు తీర్చినది. దానిని మన సొమ్ముగ గైకొనుటకంటె, పిలిచినప్పుడు అతిథులుగ పోవుట మర్యాద.

పస్కావారములో యవల మొదటిపన యెరూషలేము దేవాలయమున అర్పింపబడుచుండెను. పౌలు క్రీస్తును మృతులలోనుండి లేచినవారిలో ప్రథమఫలముగ చెప్పుట ఆ పంట భాషయే. తెల్లవారుజామున సమాధులతోటలో క్రొవ్వొత్తులు వెలిగించి మనవారు పాడు పాటలకు మూల మచ్చట నున్నది. ఆ పననాటినుండి యూదులు ఏడువారములు లెక్కించి వారముల పండుగ చేయుదురు; మనము పునరుత్థానదినము మొదలు లెక్కించి యేబదియవ దినమున పెంతెకొస్తు చేయుదుము. 2025లో వారి పండుగ జూను 1వ తేది సాయంకాలమునను, మనది 8వ తేదినను వచ్చినవి.