రాయపురము రైలు నిలయము



నేను పద్దులు వ్రాయు వృత్తివాడను. కావ్యములను గురుముఖమున గాక స్వయముగా చదువుకొన్నవాడను. ఇట్టివానికి రైలు నిలయముతో నేమి పని యని మీరు శంకింపవచ్చును. పని గలదు, కడపట మనవి చేసెదను.

మన దేశమున మొదటి ప్రయాణికుల బండి 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి బోరీబందరు నుండి ఠాణాకు నడచెను. మరుసటి యేడు హౌరా నుండి హుగ్లీకి నడచెను. దక్షిణదేశమున ఆ భాగ్యము చెన్నపట్టణమునకు దక్కినది. 1856 జూన్ 28న గవర్నరు హారిస్ ప్రభువు రాయపురము నిలయమును ప్రారంభించెను. జూలై 1 నుండి అచ్చటి బండ్లు ఆర్కాటు దిక్కున వాలాజా రోడ్డు వరకు, సుమారు 100 కిలోమీటర్లు, ప్రజలను కొనిపోవసాగెను.

ఆ స్థలము కోటకు ఉత్తరమున, వర్తకులుండు నల్లపట్టణమున కావల, సముద్రమునకు చేరువగా నున్నది. అప్పటికి రేవు కట్టబడలేదు. ఓడలు దూరమున నిలువగా మసూలా పడవలు సరకును ఒడ్డునకు చేర్చెడివి. ఇక భవనమందమా, కొరింథియను పద్ధతి స్తంభములతో విలసిల్లుచు, ఎవరును చెప్పనిచో జమీందారుగారి దివాణమేమో యని భ్రమ గొలుపును.

1873లో సెంట్రల్ స్టేషను వెలసినది. క్రమముగా దూరపు బండ్లు అచ్చటికి తరలగా రాయపురపు ప్రాభవము తగ్గినది. అయినను భవనము నిలిచినది. బోరీబందరు పాత నిలయము స్థానమున విక్టోరియా టెర్మినసు లేచినది. హౌరా నేటి భవనము 1905 నాటిది. కావున నిలిచియున్న రైలు నిలయములలో మన దేశమున రాయపురమే మిక్కిలి పురాతనము. 2005లో దానికి జీర్ణోద్ధరణము జరిగినది. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు మన జిల్లాకు చెన్నపట్టణమే రాజధాని గనుక, ఆ భవనము మన పూర్వుల చరిత్రకును సాక్షియే.

ఇక నా మనవి. మన గ్రంథాలయపు పాత పెంకుటింటిని పడగొట్టి మేడ కట్టవలెనని కొందరు పెద్దలు తలంచుచున్నారు. మేడ కావలసినదే, పుస్తకములు పెరిగినవి, చదువరులును పెరిగిరి. కాని పెరటి ఖాళీ స్థలము అందులకు చాలును. పెంకుటిల్లు పిల్లల పఠనశాలగా నుండవచ్చును. వెనుకటి నిలువ చూపక ఈ యేటి లెక్క మొదలుపెట్టుట మా వృత్తిలో లేదు. ఈ యింటి అరుగుపై అక్షరములు కూడబలుకుకొన్నవారు నేడీ సభలో ననేకులున్నారు. వారే మనకు వెనుకటి నిలువ.

కార్యవర్గమువారు ఈ మాట ఆలోచింతురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.