బయట కుట్టు లేదు, లోపల పుండు ఉంది



ఈ రోజు చెప్పుకునేది వయసు మళ్లిన మగవాళ్లకు వచ్చే ఒక ఇబ్బంది గురించి. మగవాళ్ల సంగతి కదా అని ఆడవాళ్లు లేచి వెళ్లకండి. ఆపరేషను చేసేది డాక్టరు. ఆ తర్వాత ఆరు వారాలు కనిపెట్టుకుని ఉండేది ఇంట్లోవాళ్లు. అందుకే ఇది అందరూ వినాల్సిన మాట.

గుంటూరును ఆనుకుని నల్లపాడు ఉంది. ఆ చుట్టుపక్కల మిరప, పత్తి పండిస్తారు. ఆ ఊళ్లో ఒక మిరప రైతు ఉన్నాడనుకుందాం. వయసు 68 ఏళ్లు. ఇది ఏ ఒక్కరి కథా కాదు. చాలా ఇళ్లలో జరిగేదే.

ఆ పెద్దాయన రెండేళ్లుగా రాత్రిపూట నాలుగైదుసార్లు ఒంటికి లేస్తున్నాడు. లేచి వెళ్లినా వెంటనే రాదు. ధార సన్నంగా వస్తుంది. ఆగి ఆగి వస్తుంది. అయిపోయిందని వస్తే, ఇంకా మిగిలినట్టే ఉంటుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సిగ్గు! కాయ కోతల రోజుల్లో చేను నిండా ఆడకూలీలు ఉంటారు. మాటిమాటికి చాటుకు పోలేక, ఆయన నీళ్లు తాగటమే తగ్గించాడు. గుంటూరు ఎండ సంగతి చెప్పాలా? ఆ ఎండలో నీళ్లు తాగకపోతే మనిషి ఏమైపోతాడు?

ఒక రాత్రి ఒక్క చుక్క కూడా రాలేదు. పొత్తికడుపు కుండలా ఉబ్బింది. నొప్పికి మనిషి మెలికలు తిరిగిపోయాడు. కొడుకు ఆటోలో వేసుకుని గుంటూరు ఆసుపత్రికి పరుగెత్తాడు. అక్కడ మూత్రం దారిలోంచి సన్నటి గొట్టం పంపారు. సంచి నిండా మూత్రం వచ్చింది. అప్పుడు గానీ పెద్దాయనకు ప్రాణం లేచిరాలేదు.

"రెండేళ్లుగా ఇబ్బంది పడుతున్నావా? ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలా?" అంది భార్య.

"ఏమని చెప్పనే? వయసు మీద పడితే అందరికీ ఇంతేగా అనుకున్నా" అన్నాడాయన.

వయసుతో రావటం నిజమే. కానీ వయసుతో వచ్చిందని ఊరుకోకూడదు. అసలు జరిగేదేమిటో చూడండి.

మూత్రం నిలవుండే సంచిని మూత్రాశయం అంటారు. దాని కింద, మూత్రం దారి చుట్టూ ఒక గ్రంథి ఉంటుంది. పేరు ప్రోస్టేటు. మగవాళ్లకు మాత్రమే ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. యాభై దాటాక చాలామందిలో అది పెరుగుతుంది. పెరిగి, మధ్యలో ఉన్న దారిని నొక్కుతుంది. పైపును బయటనుంచి పిసికి పట్టుకుంటే నీళ్లు ఎట్లా వస్తాయి? ఇదీ అంతే.

ఈ పెరుగుదల క్యాన్సరు కాదు. అయితే క్యాన్సరు వచ్చినా మొదట్లో ఇలాంటి ఇబ్బందులే ఉండవచ్చు. లేదా ఏమీ తెలియకపోవచ్చు. అందుకే డాక్టరుకు చూపించుకోవాలి. అందరికీ ఆపరేషను అక్కర్లేదు. చాలామందికి మాత్రలతోనే సరిపోతుంది. మాత్రలకు తగ్గకపోయినా, మూత్రం మళ్లీ మళ్లీ ఆగిపోయినా, మూత్రపిండాలు దెబ్బతింటున్నా అప్పుడు ఆపరేషను చేస్తారు.

వెనకటి రోజుల్లో ఈ ఆపరేషను చాలా పెద్దది. పీటర్ ఫ్రేయర్ అనే ఐర్లండు డాక్టరు ఉండేవాడు. ఆయన మన దేశంలోనే ఇరవై ఏళ్లు వైద్యం చేశాడు. తర్వాత 1900లో లండనులో, పొత్తికడుపు కోసి ఈ గ్రంథిని తీసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు ఎక్కువమందికి పొట్ట కోసే పని లేదు. నడుముకు మత్తు సూది ఇస్తారు. మూత్రం దారిలోంచే సన్నని గొట్టంలాంటి పరికరం పంపుతారు. పెరిగిన కండను లోపలే ముక్కలు ముక్కలుగా గీసి తీస్తారు. కొన్నిచోట్ల లేజరుతో తీస్తారు. బత్తాయిలో తొనలు తీసేసి, తొక్క ఉంచినట్టు అన్నమాట. ఇంచుమించు గంట పని.

పెద్దాయనకూ అలాగే చేశారు. ఒంటిమీద గాటు లేదు. కుట్టు లేదు. కట్టు లేదు. చూడవచ్చినవాళ్లు, "అసలు ఆపరేషను చేశారా?" అని అడిగారు.

ఇక్కడే మోసం ఉంది. బయట కుట్టు లేదు గానీ, లోపల పచ్చిపుండు ఉంది. మోకాలు చీరుకుపోతే కంటికి కనిపిస్తుంది. జాగ్రత్తగా ఉంటాం. ఈ పుండు కనిపించదు. అందుకే జనం మర్చిపోతారు.

ఆసుపత్రిలో మొదటి రెండు మూడు రోజులు గొట్టం ఉంచారు. ఒక దారిలోంచి సెలైను నీళ్లు లోపలికి పోతుంటాయి. ఇంకో దారిలోంచి మూత్రం, రక్తం కలిసి సంచిలోకి వస్తుంటాయి. రక్తం లోపల గడ్డకట్టకుండా ఇలా కడుగుతారు. మొదట సంచిలో ఎర్రగా ఉంది. తర్వాత గులాబీ రంగుకు వచ్చింది. ఆ తర్వాత తేరుకుంది. అప్పుడు గొట్టం తీశారు.

గొట్టం తీశాక మొదటిసారి ఒంటికి పోతే మంట పుట్టింది. ఆపుకోలేక లుంగీ తడిసింది. పెద్దాయన బెంగపడ్డాడు. "బతుకంతా ఇంతేనా సిస్టరమ్మా?" అని అడిగాడు. "కొన్ని వారాల్లో తగ్గుతుంది తాతా. చాలామందికి ఇంతే" అని నర్సు ధైర్యం చెప్పింది.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం ఇచ్చారు. అందులో ఉన్నదంతా ఇంగ్లీషే. పెద్దాయన భార్య ఆ కాగితాన్ని తిరగేసి చూసింది. ఆమె చిన్నప్పుడు బడికి పోలేదు. 1990 తర్వాత ఊరూరా అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. "సిస్టరమ్మా, ఇంటికాడ ఏం చెయ్యాలో తెలుగులో రాసివ్వు తల్లీ. నేను చదువుకుంటా" అంది. నర్సు ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. ఆ కాగితంలో ఏముందో వినండి.

ఒకటి. నీళ్లు బాగా తాగాలి. రోజుకు రెండు, రెండున్నర లీటర్లు. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉంటే డాక్టరు చెప్పినంతే తాగాలి. పడుకోబోయే ముందు తగ్గించాలి.

రెండు. ఆరు వారాలు బరువు ఎత్తకూడదు. సైకిలు, మోటారు సైకిలు, ట్రాక్టరు ఎక్కకూడదు. ఇంట్లో, వాకిట్లో మెల్లగా నడవాలి. మంచానికి అంటుకుపోకూడదు.

మూడు. దొడ్డికి గట్టిగా ముక్కకూడదు. ముక్కితే లోపలి పుండు చెదిరి రక్తం వస్తుంది. ఆకుకూరలు, పండ్లు తినాలి. విరేచనం గట్టిగా ఉంటే డాక్టరును అడిగి మందు వేసుకోవాలి. కారం, కాఫీ, టీలు మంట పెంచుతుంటే తగ్గించాలి. సారా, సిగరెట్టు మానాలి.

నాలుగు. పదిరోజులు, రెండు వారాలు అయ్యాక మూత్రం మళ్లీ కాస్త ఎర్రగా రావచ్చు. లోపలి పుండు పక్కు ఊడినప్పుడు అలా వస్తుంది. పడుకుని, నీళ్లు తాగితే చాలామందికి తేరుకుంటుంది.

ఐదు. రక్తం గడ్డలు గడ్డలుగా వచ్చినా, చిక్కటి ఎరుపు తగ్గకపోయినా, మూత్రం ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

ఆమె ఆ కాగితాన్ని దేవుడి పటం పక్కన గోడకు అంటించింది.

పది రోజులు గడిచాయి. పెద్దాయనకు హుషారొచ్చింది. ధార బాగుంది. రాత్రి ఒక్కసారే లేస్తున్నాడు. కళ్లంలో కాయలు ఎండాయి. టిక్కీలు తొక్కారు. యార్డుకు పంపటానికి బండి వచ్చి నిలబడింది. ఒక కూలి రాలేదు. పెద్దాయన చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఒక్క టిక్కీకి ఓ చెయ్యి వేశాడు. టిక్కీ అంటే నలభై కిలోల పైమాటే.

"ఏమయ్యా! కాగితంలో ఏముంది?" అని భార్య అరిచింది.

"ఒంటిమీద గీత కూడా లేదు. నాకేమైందే?" అన్నాడాయన.

సాయంత్రానికి మూత్రం ఎర్రగా వచ్చింది. రాత్రికి చిక్కబడింది. చిన్న చిన్న గడ్డలు పడ్డాయి. అర్ధరాత్రి మళ్లీ ఆగిపోయింది. పొత్తికడుపు బిగిసింది.

"ఈ వేళప్పుడు ఏం పోతాం? తెల్లారనీ అమ్మా" అన్నాడు కొడుకు. తల్లి దీపం వేసి, గోడ దగ్గరికి నడిచింది. వేలుపెట్టి అయిదో మాట చదివింది. "తెల్లారేదాకా ఆగకూడదు అని రాసుంది. 108కి ఫోను చెయ్యి" అంది.

ఆసుపత్రిలో మళ్లీ గొట్టం వేశారు. లోపల ఇరుక్కున్న రక్తపు గడ్డలను నీళ్లతో కడిగి తీశారు. ఇంకో రెండు రోజులు ఉంచుకుని పంపారు. ఆ రాత్రి ఆగి ఉంటే రక్తం ఇంకా పోయేది. నొప్పి ఇంకా పెరిగేది. లోపల ముప్పు ముదిరేది. ఆ ఇంట్లో ఆ రాత్రి పనికొచ్చింది డబ్బు కాదు. ఆ తల్లి నేర్చుకున్న నాలుగు అక్షరాలు.

అక్కలారా, అన్నలారా! ఆ కాగితంలో రాయని మాటలు ఇంకొన్ని ఉన్నాయి. అవీ వినండి.

మూత్రం ఆపుకోలేకపోవటం మెల్లగా తగ్గుతుంది. దానికి ఒక చిన్న కసరత్తు ఉంది. మూత్రాన్ని ఆపేటప్పుడు ఏ కండను బిగిస్తామో, ఆ కండను బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు విడతలు. గొట్టం ఉన్నప్పుడు మాత్రం చెయ్యకూడదు.

కొందరిని గొట్టంతోనే ఇంటికి పంపుతారు. అప్పుడు మూత్రపు సంచిని ఎప్పుడూ నడుము కంటే కిందనే ఉంచాలి. నేలకు ఆనకూడదు. గొట్టం మెలిక పడకూడదు. ముట్టుకునే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడగాలి. గొట్టాన్ని సొంతంగా లాగకూడదు.

గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లుంటారు. ఆ సంగతి ఆపరేషనుకు ముందే డాక్టరుకు చెప్పాలి. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా డాక్టరే చెప్పాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు చక్కెరను అదుపులో ఉంచుకోవాలి. లేకపోతే పుండు ఆలస్యంగా మానుతుంది. చీము పట్టే భయం కూడా ఎక్కువ.

ఇక పెద్దలు నోరు విప్పి అడగని మాట ఒకటుంది. ఆలుమగల కలయిక సంగతి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. తర్వాత ఎప్పటిలాగే ఉండవచ్చు. మగతనం పోతుందని భయపడతారు. ఎక్కువమందికి పోదు. కానీ ఒక మార్పు రావచ్చు. వీర్యం బయటికి రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. తర్వాత మూత్రంతో కలిసి వచ్చేస్తుంది. దానివల్ల ఒంటికి కీడు లేదు. అయితే పిల్లలు పుట్టటం కష్టం కావచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఇది తెలియక, లోలోపల కుమిలిపోయేవాళ్లు ఉన్నారు.

తీసిన ముక్కలను పరీక్షకు పంపుతారు. ఆ రిపోర్టు తెచ్చుకుని డాక్టరుకు చూపించాలి. ఇంటికొచ్చాం కదా అని వదిలెయ్యకూడదు. గ్రంథిలో తొక్కలాంటి భాగం మిగిలే ఉంటుంది. కాబట్టి డాక్టరు రమ్మన్నప్పుడల్లా వెళ్లి చూపించుకోవాలి.

ఖర్చు సంగతి కూడా తెలుసుకోవాలి. పేద కుటుంబాల వైద్యానికి 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఎన్.టి.ఆర్. వైద్య సేవ. ఆపరేషనుకు ముందే కార్డు చూపించి, తమకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో అడగాలి. అప్పు చేశాక అడిగితే ఏం లాభం?

ఇంతకీ నల్లపాడు పెద్దాయన ఏమయ్యాడంటారా? రెండోసారి ఇంటికొచ్చాక ఆరు వారాలు బుద్ధిగా ఉన్నాడు. టిక్కీల లెక్క మంచం మీద కూర్చుని రాసుకున్నాడు. మూటలు మోసే పని కొడుకుకు వదిలేశాడు. ఇప్పుడు రాత్రిళ్లు హాయిగా నిద్రపోతున్నాడు. చేలో కడుపునిండా నీళ్లు తాగుతున్నాడు.

ఒకరోజు కళ్లం దగ్గర ఈడువాడు ఒకడు మాటిమాటికి చాటుకు పోతుంటే చూశాడు. దగ్గరికి పిలిచాడు. "ఏందిరా, ఎన్నాళ్లనుంచి?" అని అడిగాడు. అవతలివాడు తల వంచుకున్నాడు. "సిగ్గుపడితే నాలాగే అర్ధరాత్రి ఆటో ఎక్కాల్సి వస్తది. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం పద. నేనూ వస్తా" అన్నాడు.

చూశారా! జబ్బును దాచుకుంటే అది ముదురుతుంది. నలుగురిలో చెప్పుకుంటే దారి దొరుకుతుంది. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలా రాత్రిళ్లు లేచి తిరిగే పెద్దలు ఉన్నారా? ఈ రాత్రే అడగండి. ఆపరేషను అయి వచ్చినవాళ్లు ఉన్నారా? చెయ్యాల్సిన పనులు తెలుగులో రాయించి, గోడకు అంటించి, రోజూ ఒకసారి చదివి వినిపించండి.