మూర్వ యని పొరబడిన తీగ



అమరసింహుడు వనౌషధివర్గమున మూర్వకు మధురస, గోకర్ణి, పీలుపర్ణి మున్నగు పెక్కు పర్యాయపదములను చెప్పియున్నాడు. చిన్ననాట గురువుగారి యెదుట గూర్చుండి వానిని వల్లెవేసితిని. పిమ్మట నుపాధ్యాయుడనై ముప్పదియేండ్లు పిల్లలచేత వల్లెవేయించితిని. ఆ మూర్వ యాకెట్లుండునో గురువుగారు చూపలేదు, నేను నడుగలేదు. అందువలన నొక బాలుని మోకాలు పుండైనది. నేటి ప్రసంగమునకు కారణ మదియే.

ఒక మార్గశిరమాసమున విద్యార్థులను అనంతగిరి కొండలకు తోడ్కొనిపోయితిని. దారిప్రక్క పొదలమీద నొక తీగ దట్టముగా నల్లుకొని, దూదిపింజలు చల్లినట్లు తెల్లని కుచ్చులతో నిండియుండెను. "మాస్టారూ, ఇదేం తీగండీ?" యని యొక బాలు డడిగెను. మహారాష్ట్ర వైద్యులలో కొందరు మూర్వగా వాడు మోరవేల యను తీగను గూర్చి చదివియుంటిని. కుచ్చులను జూడగా నది యిదియే యని తోచినది. తెలియదని చెప్పుటకు పంతులునకు నోరు రాదు గదా! "ఇదియే మూర్వ, పుండ్లకు మంచి"దంటిని. దారిలో మోకాలు గీరుకొనియున్న యా బాలుడు గురువాక్యమును నమ్మి, ఆకు నూరి రాత్రి కట్టుకొనెను. తెల్లవారుసరికి బొబ్బలు లేచి తోలూడెను. మా సామాను మోయవచ్చిన కొండవృద్ధుడు చూచి, "అది మండుతాది బాబూ, మేకలు కూడా ముట్టవు" అనెను. ఆయనకు అమరము రాదు.

తరువాత నొక వృక్షశాస్త్రోపాధ్యాయుని యొద్ద కూర్చుండి యా కొమ్మను పరీక్షించితిని. అది క్లెమాటిస్ జాతిలోనిది. ఈ జాతిలో లోకమున సుమారు 300 తీగ లున్నవి. మా చేతిలోనిది గౌరియానా. వంగదేశమందలి గౌడనగరమును బట్టి దానికా పేరు గలిగినది. పేరు పెట్టిన రాక్స్‌బర్గు దొర 1793 లో కలకత్తా తోటకు పోవుటకు ముందు మన సామర్లకోటలో నుండి, మొక్కలకు తెలుగుపేర్లను గూడ వ్రాసికొన్నవాడు.

దీనిని గుర్తించుటకు పువ్వుకంటె ముందు ఆకు కాడను చూడవలెను. ఆకులు కణుపునకు రెండేసి యెదురెదురుగా నుండును. తీగకు వేరుగా నులితీగలు లేవు. ఆకుకాడయే వ్రేలివలె వంగి కొమ్మను చుట్టి పట్టుకొనును. మరియొకటి: మనము రేకులనుకొను నాలుగును నిజముగా రేకులు కావు, రక్షకపత్రములే. ఆకర్షణపత్రములు దీనికి లేవు. మధ్య కేసరములు గుంపుగా నుండును. పువ్వు రాలిన పిదప ప్రతి గింజకును ఈకవంటి తోక పెరుగును; మేము చూచిన దూదిపింజ లవియే. గౌరియానా యాకు పలు చిన్నయాకులుగా చీలియుండును; పూలు చిన్నవి, గుత్తులు పెద్దవి. మోరవేల కన్ననో నూగుగల యాకు, తరచు మూడు తమ్మెలు, పెద్ద తెల్లపూలు. అది కొంకణ మహారాష్ట్రముల తీగ. రెంటికిని తోకలు సమానమే గావున నేను మోసపోయితిని.

మన కొండలలో దీనికి దాయాది యొకటి కలదు: ముక్కుపీనస తీగ. దాని యాకునకు రెండే చిన్నయాకులు. మూడవదానికి బదులు నులితీగ యుండును. పడిసెమునకు పల్లెవారు దానిని నలిపి వాసన చూతురు. దానికి సన్నని ఆకర్షణపత్రములు గలవని వేరుజాతిగా నుంచిరి కాని, ఇటీవల క్లెమాటిస్‌లోనే చేర్చినారు.

తోటలనుండి పారిపోయి కంచెలెక్కిన పరదేశపు తీగలను గూడ జనులు దీనితో కలుపుదురు. మెక్సికో నుండి వచ్చిన గులాబిరంగు ఆంటిగోనన్ అట్టిది. దాని యాకులు ఒంటివి, హృదయాకారములు. నులితీగ పూలగుత్తి కొననుండును. తెల్లజుమికి కాయచుట్టు నున్న వల యీకలవలె గనబడును గాని, దాని యాకు నలిపిన దుర్గంధము. ఎదురెదురాకులు లేనిచో క్లెమాటిస్ కాదని సాధారణముగా చెప్పవచ్చును. ఈ తోటపారుబోతుల సంగతి తేలికగా తీసికొనరాదు. ఐరోపా క్లెమాటిస్ ఒకటి న్యూజిలాండులో అందమునకై నాటబడి, అడవిలో బడి, మహావృక్షములను కప్పి చంపుచున్నది. అచ్చటి దేశీయ క్లెమాటిసులకు మూడేసి చిన్నయాకులు, ఆకురాల్పు లేదు. దీనికి తరచు అయిదు, శీతకాలమున రాల్చును. ఆ లెక్కతోనే వారు దేనిని పెరుకవలెనో నిర్ణయింతురు.

బొబ్బలకు కారణము ప్రోటోఅనిమోనిన్ అను కారపు పదార్థము. ఆకు నలిగినప్పుడే యది పుట్టును. ఎండినచో దాని తీక్ష్ణత తగ్గును. పూర్వము ఫ్రాన్సు బిచ్చగాండ్రు జాలి పుట్టించుటకు ఐరోపా తీగ పసరుతోనే యొంటిపై పుండ్లు పుట్టించుకొనెడివారట. నేను బిచ్చ మెత్తకయే యా పని యొక పిల్లవానికి చేసితిని.

ఇక మూర్వ యేది? భారత ఆయుర్వేద ఔషధకోశము పాలుగల మార్స్‌డేనియా తీగను చెప్పుచున్నది. రాజమహల్ కొండలవారు దాని నారతో వింటినారులు పేనెడివారు. తెలుగునాట పలువురు చాగను చెప్పుదురు. మనుధర్మశాస్త్రమున క్షత్రియవటువునకు మూర్వనారతో మేఖల విధింపబడినది. మౌర్వి యన్న వింటినారియే. కావున మూర్వకు గట్టి నార యుండవలెను. చాగ కత్తివంటి యాకు గోకర్ణి యను పేరునకు చక్కగా నొప్పదు. అయినను పేర్లకంటె నారనే నమ్ముట మేలని నాకు తోచుచున్నది.

ఆ బాలుని మోకాలు నెలకు మానినది, మచ్చ మిగిలినది. వాని తండ్రి నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు కష్టముగా నుండెను. మరునాడు తరగతిలో నేను చెప్పినది తప్పని యా బాలుని యెదుటనే చెప్పి, గౌరియానా కొమ్మను, చాగయాకును బల్లపై నుంచి, ఒక్కొక్కరిని పిలిచి ఆకుకాడలను చూడుమంటిని. ఇప్పుడు మా పెరటిలో నొక చాగ గుబురు గలదు. మొన్న దాని యాకు గీకి నార తీసి, ముప్పేటగా పేని రెండు చేతులతో లాగితిని. తెగలేదు.