మాట స్పష్టంగా రాని పిల్లలు: నాలుక కంటే ముందు చెవిని చూడండి

నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. చిన్నపిల్లల మాటలతోనే నాకు రోజంతా గడుస్తుంది. ఈ ఎపిసోడ్‌కి ఒక తల్లి పంపిన ప్రశ్న తీసుకున్నాను. వినండి.

"మా బాబుకి మూడున్నరేళ్ళు. కాకిని 'తాతి' అంటాడు, గోడని 'దోడ' అంటాడు. మాకు అర్థమవుతుంది గానీ బయటివాళ్ళకి అర్థం కాదు. మా అత్తయ్యగారు వస నాకించమంటున్నారు. మా ఆయనేమో 'అదే వస్తుందిలే' అంటున్నారు. ఈ మధ్య వాడు ప్లే స్కూల్లో అసలు నోరు విప్పట్లేదట. ఏం చేయాలి?"

ఈ ప్రశ్న చదివితే ఎవరైనా 'తాతి' దగ్గర ఆగుతారు. నేను మాత్రం చివర్లో ఉన్న "నోరు విప్పట్లేదట" దగ్గర ఆగాను. 'క' బదులు 'త' అనడం చాలామంది చిన్నపిల్లల్లో ఉండేదే, సరిచేయగలిగేదే. కానీ తను మాట్లాడితే నవ్వుతున్నారని పిల్లాడికి తెలిసిపోయి, అసలు మాట్లాడటమే మానేస్తే? దిద్దడానికైనా ముందు మాట ఉండాలి కదా! అందుకే ఈ రోజు చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూనే. పిల్లాడి మాట బాగుపడాలంటే వాడు సరైన మాట బాగా వినాలి, భయం లేకుండా మాట్లాడాలి.

ముందు, ఏది మామూలో చూద్దాం. పిల్లలకి ప, బ, మ లాంటి శబ్దాలు ముందుగా వస్తాయి. పెదాలు కలిస్తే చాలు, కంటికి కూడా కనిపిస్తాయి. క, గ గొంతు దగ్గర పుడతాయి, బయటికి కనిపించవు. అందుకే కొంచెం ఆలస్యం. ర, శ, ష, ళ, ఇంకా చక్రంలో 'క్ర' లాంటివి ఇంకా ఆలస్యంగా వస్తాయి. మూడేళ్ళ పాప రైలుని 'లైలు' అంటే కంగారు పడక్కర్లేదు.

ఇంకో మాట. ఇంట్లో పెద్దవాళ్ళందరూ 'సెప్పు, సూడు' అనే చోట పిల్లాడు కూడా అలాగే అంటే అది దోషం కాదు, అది వాళ్ళ యాస. యాసకి వైద్యం అవసరం లేదు.

మేము వాడే ఒక కొండగుర్తు ఉంది. పిల్లల మాట బయటివాళ్ళకి 2 ఏళ్ళకి సగం దాకా, 3 ఏళ్ళకి ముప్పాతిక వంతు, 4 ఏళ్ళకి దాదాపు అంతా అర్థం కావాలి. ఇక్కడ మీకు అర్థమవడం లెక్క కాదు. అమ్మకి అన్నీ అర్థమైపోతాయి! పక్కింటావిడకి, ఆటోవాలాకి, టీచర్‌కి అర్థమవుతోందా అన్నదే లెక్క. ఈ బాబుకి మూడున్నరేళ్ళు, బయటివాళ్ళకి అర్థం కావట్లేదు. కాబట్టి "అదే వస్తుందిలే" అని కూర్చోకుండా ఒకసారి చూపించాలి.

చూపించడం ఎక్కడ మొదలుపెట్టాలి? చెవి దగ్గర. "అబ్బే, పిలిస్తే పలుకుతాడండీ, చెవులు బాగానే ఉన్నాయి" అంటారు. పిలుపు వినిపించడం వేరు, 'క'కీ 'త'కీ తేడా వినిపించడం వేరు. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. నొప్పి ఉండకపోవచ్చు, చెవి కారకపోవచ్చు. కానీ మాటలన్నీ దిండు అడ్డం పెట్టుకుని విన్నట్టు వినిపిస్తాయి. అలా విన్నవాడు అలాగే పలుకుతాడు. మీరు వెనక నుంచి చప్పట్లు కొట్టి చూస్తే ఇది తెలియదు.

పరీక్ష అంటే భయపడకండి. సూదులు ఉండవు. ఈ వయసు పిల్లలకి హెడ్‌ఫోన్ పెట్టి, 'శబ్దం వినిపించినప్పుడల్లా ఒక బొమ్మ బుట్టలో వెయ్యి' అంటారు. వాడికి అది ఆటే. ఇంకా చిన్న పిల్లలకైతే నిద్రలో ఉండగా బెరా అనే పరీక్ష చేస్తారు.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలో చూద్దాం.

మొదటిది. "కాదు, కాకి అను. మళ్ళీ అను. సరిగ్గా అను" అనడం ఆపేయండి. వాడు పరిగెత్తుకొచ్చి, "అమ్మా, తాతి ఎదిలిపోయింది!" అన్నాడనుకోండి. మీరు, "అవునా, కాకి ఎగిరిపోయిందా! కాకి ఎక్కడికి వెళ్ళింది? అదిగో, కాకి గోడ మీద వాలింది" అనండి. చూశారా, కాకి అనే మాట మూడుసార్లు వాడి చెవిన పడింది. వాడిని ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. పైగా వాడు చెప్పిన వార్తకి విలువ దొరికింది.

రెండోది. అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపకండి. పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. అర్థమైనంతవరకు మీరే చెప్పి, మిగతాది అడగండి. "గోడ మీద ఏదో ఉందా? పద, చూపించు." అంతే.

మూడోది, ఒక ఆట. రెండు కాగితాలు తీసుకుని ఒకదాని మీద కోట, ఇంకోదాని మీద తోట బొమ్మ వేయండి. ముందు మీరు పేరు చెప్పండి, వాడు చూపిస్తాడు. తేడా వినిపిస్తోందో లేదో అక్కడే కొంత తెలుస్తుంది. తర్వాత వాడిని టీచర్‌ని చేయండి. వాడు చెప్తాడు, మీరు చూపిస్తారు. వాడు కోట అనుకుంటూ 'తోట' అంటే మీరు తోటే చూపించండి. "అది కాదు!" అంటాడు. ఆ క్షణంలో వాడికి ఒక సంగతి తెలుస్తుంది: శబ్దం మారితే బొమ్మే మారిపోతుంది. అప్పుడు మీరు "ఓహో, కోటా!" అని నవ్వుతూ చూపించండి. కల, తల కూడా ఇలాంటి జంటే. 'ర' కోసం పెద్ద పిల్లలతో కారు, కాలు ఆడొచ్చు. రోజుకి 5 నిమిషాలు చాలు. వాడు విసుక్కునేలోపే ఆపేయండి.

మరి ఫోన్? రైమ్స్ వీడియో పిల్లాడికి మాట వినిపిస్తుంది, కానీ వాడు చెప్పింది వినదు, తిరిగి జవాబివ్వదు. మాట నేర్పేది ఆ ఇచ్చిపుచ్చుకోవడమే. ఫోన్‌ని ఇంకోలా వాడండి. నెలకోసారి అవే పది బొమ్మలు చూపించి వాడి మాట రికార్డ్ చేసి దాచండి. మార్పు మీకే తెలుస్తుంది, థెరపిస్ట్‌కి కూడా బాగా పనికొస్తుంది.

దాచమన్నాను, పోస్ట్ చేయమనలేదు! ఇది ప్రత్యేకంగా మన పిన్నులకి, బాబాయిలకి, మేనత్తలకి. "బుజ్జీ, ఇంకోసారి తాతి అనవా" అని అడిగి, అందరూ నవ్వి, రీల్ చేసి పెట్టేస్తాం. ముద్దుగానే ఉంటుంది, కాదనను. కానీ వాడి వైపు నుంచి చూడండి. ఇంట్లో తప్పు పలికితే చప్పట్లు, స్కూల్లో అదే పలికితే ఎగతాళి. ఏది సరైనదో వాడికెలా తెలుస్తుంది? "నత్తోడు" లాంటి పేర్లు అయితే సరదాకి కూడా వద్దు. ఆ పేరు పెద్దయినా వదలదు.

ఇక వస సంగతి. గలగలా మాట్లాడే పిల్లల్ని వసపిట్ట అంటాం కదా, ఆ నమ్మకం అంత పాతది. అత్తయ్యగారు ప్రేమతోనే చెప్తున్నారు. కానీ వస కొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. దాని మీద అనుమానంతోనే 1968లో అమెరికాలో ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. పసిపిల్లలకి వాంతులు కావచ్చు. కాబట్టి వద్దు. అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడకి కథ చెప్పే పని అప్పగించండి. నానమ్మ ఒళ్ళో కూర్చుని, ఆవిడ మొహం చూస్తూ విన్న కథ ఏ మందుకీ తీసిపోదు.

అలాగే నాలుక కింద నరం కోయిస్తే మాట వస్తుందని ఎవరైనా అంటే తొందరపడకండి. నాలుక కింద పొర బిగువుగా ఉన్నా చాలామంది పిల్లలు బాగానే మాట్లాడతారు. 'క' పలకడానికి కావాల్సింది నాలుక వెనక భాగం, కొన కాదు. బూరలు, కొవ్వొత్తులు ఊదించడం వల్ల కూడా 'క' రాదు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీష్ కలిసి మాట పాడైందంటారు, అదీ నిజం కాదు. తెలుగు మానేయకండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు? రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలపకపోతే, మూడేళ్ళకి ఇంట్లోవాళ్ళకే సగం అర్థం కాకపోతే, మాట ముక్కులోంచి వస్తుంటే, చెవి కారుతుంటే చూపించండి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగకండి.

ఎక్కడ చూపించాలి? డబ్బు అడ్డం కానక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకి ఉచితంగా పరీక్షలు ఉన్నాయి. మీ అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా కార్యకర్తనో అడగండి, జిల్లాలో డీఈఐసీ కేంద్రం ఎక్కడుందో చెప్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి, మాట సమస్యలే దాని పని. ప్రైవేట్‌గా వెళ్తే, ఆ థెరపిస్ట్‌కి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడగడంలో మొహమాటం వద్దు.

చివరిగా ఆ తల్లికి. అమ్మా, రేపే ప్లే స్కూల్ టీచర్‌తో ఒకసారి మాట్లాడండి. పది మంది ముందు నిలబెట్టి 'అను' అనొద్దని చెప్పండి. వాడు వేలుతో చూపించినా, సగం మాట చెప్పినా జవాబుగా తీసుకోమనండి. ఈ వారంలోనే వినికిడి పరీక్షకి తీసుకెళ్ళండి. సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి, కోట తోట బొమ్మలు వేసుకుని కూర్చోండి. 'క' వచ్చేదాకా కొన్ని నెలలు పట్టొచ్చు. ఈ లోపు వాడు ఎన్ని 'తాతి'లు చెప్పినా చెప్పనివ్వండి, మీరు వినండి.

వచ్చే ఎపిసోడ్‌లో మాట తడబడే పిల్లల గురించి, అంటే అసలైన నత్తి గురించి మాట్లాడుకుందాం. అది వేరు, ఇది వేరు.