నల్లదొరతనం నుంచి నల్లచదరం దాకా

రాజకీయ మీమ్ అంటే అందరికీ తెలిసిన బొమ్మనో, మాటనో, పాట వరుసనో తీసుకుని, ఒకటి రెండు చోట్ల మార్చి, కొత్త గురి మీదికి వదలడం. మీమ్ అన్న పేరు 1976లో రిచర్డ్ డాకిన్స్ ‘ది సెల్ఫిష్ జీన్’లో పెట్టింది. పని మాత్రం తెలుగువాళ్లకు అంతకంటే పాతది. రంగు మీద, పుట్టుక మీద తెలుగులో వచ్చిన గొప్ప రాజకీయ మీమ్‌కు వందేళ్లు దాటాయి. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ళ సత్యనారాయణ పాట ‘మాకొద్దీ తెల్లదొరతనము’ ఆంధ్రదేశమంతా మారుమోగింది. రాజమండ్రికి చెందిన దళిత కవి, వైద్యుడు కుసుమ ధర్మన్న అందులో ఒక్క మాట మార్చి ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నాడు. దొర తెల్లవాడైతే వద్దన్న నోళ్లు మాలపల్లె మీద తమ దొరతనాన్ని వదులుకోలేదన్న సంగతి ఆ ఒక్క మాటతో బయటపడింది.

నైతిక ప్రకటనలో నిజాయితీని కొలవడానికి ఈ జంట కంటే మంచి గీటురాయి తెలుగులో లేదు. జంతువుల సంకేతాలను పరిశీలించిన అమోట్జ్ జహావి, ఖర్చుతో కూడిన సంకేతమే నమ్మదగ్గదని 1975లో ప్రతిపాదించాడు. గరిమెళ్ళ పాటకు ఖర్చు జైలు. అదే పాటను సభలో నలుగురితో కలిసి పాడి ఇంటికి పోయినవాడికి ఖర్చేమీ లేదు. పైగా దేశభక్తుడన్న పేరొచ్చింది. ధర్మన్న చేసింది ఇంకా కష్టమైన పని. అధికారంలో ఉన్నవాళ్లను నిందిస్తే జనం చప్పట్లు కొడతారు. చప్పట్లు కొట్టే జనాన్నే నిందిస్తే ఎవరు కొడతారు? కాబట్టి అడగవలసినవి రెండు: ఆ మాట అన్నందుకు అన్నవాడికి పోయిందేమిటి? వేలు ఎటు చూపించాడు?

ఇలా ఒక్క మాట మార్చి ఎదిరించడంలో బెజవాడ (నేటి విజయవాడ) వాటా చిన్నది కాదు. 1917 నవంబరులో ఇక్కడ ఆంధ్రదేశ పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ. నాలుగు వర్ణాల బయటివాళ్లన్న అర్థమిచ్చే ‘పంచమ’ అన్న పేరే తప్పని, తమవాళ్లు ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్లని ఆయన వాదించాడు. సభ ఆ వాదాన్ని ఒప్పుకుని ఆది-ఆంధ్ర మహాజన సభగా పేరు మార్చుకుంది. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారు. సభకు ఊరు ఇచ్చిన జవాబు అది. 1922లో మద్రాసు ప్రభుత్వం తెలుగు జిల్లాలకు ఆ పేరును అంగీకరించింది; షెడ్యూల్డ్ కులాల జాబితాలో అది ఇప్పటికీ ఉంది.

ఆ పేరు వెనకున్న జాతి సిద్ధాంతం, అంటే ఆర్యులు బయటినుంచి వచ్చి మూలవాసులను అణచివేశారన్న కథ, చాలావరకు నాటి పాశ్చాత్య పండితులు అల్లినది. కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి ‘సూతపురాణం’, ‘శంబుకవధ’లలో పురాణాలను తిరగేసి చదివింది కూడా ఈ చూపుతోనే. నేటి చరిత్రకారులు ఆ కథను ఉన్నదున్నట్టు ఒప్పుకోరు. అయినా దాన్ని బూటకం అనడం తొందరపాటు. ఆధారం బలహీనమైనంత మాత్రాన ఆత్మగౌరవ ప్రకటన అబద్ధమైపోదు. అలాగే చరిత్ర కచ్చితంగా ఉన్నంత మాత్రాన ప్రకటన చేసినవాడి మనసు స్వచ్ఛమైపోదు.

ఇక ఈ కాలం సంగతి. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసుల చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాడు. అందుకు నిరసనగా జూన్ 2న ప్రపంచమంతా ఇన్‌స్టాగ్రామ్‌లో నల్లచదరాలు పెట్టింది. మన దేశంలో పెట్టినవాళ్లలో తెల్లబరిచే క్రీముల ప్రకటనల్లో నటించిన సినీతారలూ ఉన్నారు. దానికి ఎదురు మీమ్ వెంటనే పుట్టింది. రెండు గళ్ల బొమ్మ: పై గడిలో నల్లచదరం, కింది గడిలో అదే మనిషి నవ్వుతున్న క్రీము ప్రకటన. వ్యాఖ్య అక్కర్లేదు, రెండు గళ్లూ ఒకదాని కింద ఒకటి ఉంటే చాలు. కింది గడిలో క్రీముకు బదులు ‘తెల్లని, పొడవైన, మా శాఖలోని వధువు కావలెను’ అన్న పెళ్లి ప్రకటన పెడితే మీమ్ తెలుగింటిదవుతుంది. ధర్మన్న ఒక్క మాట మార్చి చేసిన పనినే ఈ కింది గడి చేస్తుంది. ఆ జూన్ నెలాఖరులో హిందుస్థాన్ యూనిలీవర్ తన తెల్లబరిచే క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ అన్న మాట తీసేస్తామంది. జులైలో ఆ క్రీము ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. డబ్బా పేరు మారింది, అమ్మకం ఆగలేదు.

అమెరికా తెలుగువాళ్ల విషయంలో లెక్క ఇంకా చిక్కుపడుతుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేత్‌లో ‘మా దేశం వదిలి పొండి’ అని అరుస్తూ ఒకడు కాల్చిన కాల్పుల్లో ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయాడు. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు వాహనం గుద్ది కందుల జాహ్నవి మరణించింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదని నవ్వుతూ మాట్లాడిన పోలీసు అధికారి గొంతు సెప్టెంబరులో బయటికొచ్చింది. రెండుసార్లూ తెలుగువాళ్లకు కలిగిన కోపం నిజమైనదే. అందులో నటన వెతకడం అన్యాయం. అయితే అదే సియాటిల్ నగరం అదే 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించింది, అమెరికా నగరాల్లో మొదటిది. ప్రవాస భారతీయుల్లో కొందరు దాన్ని స్వాగతించారు, కొందరు ‘మమ్మల్ని వేలెత్తి చూపుతున్నారు’ అని ఎదిరించారు. ఆ మరణాల వార్తలకు స్టేటస్ పెట్టుకున్న చెయ్యి ఈ నిషేధం వార్త దగ్గర ఏం చేసిందన్నదే అసలు పరీక్ష.

కృష్ణా, గోదావరి డెల్టాలో మాత్రం రంగు కంటే కులమే ముందు నడుస్తుంది. ఇక్కడి మీమ్‌కు ముఖం చాలాసార్లు హాస్యనటుడు బ్రహ్మానందానిది, మాట పార్టీది, చురక కులానిది. ఎవరు తయారుచేశారో తెలియదు. దళితుడి పేరు, అంబేడ్కర్ బొమ్మ పెట్టుకున్న ఖాతా వెనక ఎవరున్నారో చెప్పలేం. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. దాని ముందు ఫొటో దిగడానికి ఖర్చేమీ లేదు. అదే అంబేడ్కర్ పేరు కోనసీమ జిల్లాకు పెడతామన్నప్పుడు, 2022 మే 24న, అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబడింది, కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఆ పేరుకు ఇప్పటికీ ఎంత ఖరీదుందో ఫొటోలు చెప్పవు, ఆ మంటలు చెబుతాయి.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ‘ముందు మీ ఇల్లు చక్కబెట్టుకోండి’ అనడం కూడా చవకబారు సంకేతమే కాగలదు. ధర్మన్న ఆ మాట కిందినుంచి అన్నాడు, న్యాయం ఇంకొంచెం ముందుకు రావాలని. అదే మాట పైనుంచి వస్తే ఫిర్యాదు చేసేవాడి నోరు మూయించడానికే పనికొస్తుంది. అమెరికాలో జాత్యహంకారం గురించి మాట్లాడితే ఇక్కడి కులం గుర్తుచేయడం, ఇక్కడి కులం గురించి మాట్లాడితే అమెరికాను గుర్తుచేయడం ఈ కోవలోనివే. రెండు గళ్ల బొమ్మ ఒకటే అయినా, దాన్ని ఎవరు ఎవరికి పంపారో తెలియనిదే తీర్పు చెప్పకూడదు.

అది తెలియాలంటే మీమ్ దొరకాలి. గరిమెళ్ళ పాట, ధర్మన్న జవాబు అచ్చులో మిగిలాయి కనుకనే ఇవాళ పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం. నేటి మీమ్ ఎన్నికలు కాగానే మాయమవుతుంది, పేజీ పేరు మారిపోతుంది. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, గ్రంథాలయాలు వీటిని తేదీతో, వచ్చిన పేజీ పేరుతో, వ్యక్తిగత ఖాతాల వివరాలు తీసేసి భద్రపరచడం ఇప్పుడే మొదలుపెట్టాలి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన విజయవాడే ఆ పనికి ముందుకు రావాలి.