రెయిడ్‌కు తగిన గిల్డ్

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఇంట్లో కూర్చుని వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్లకు కొన్నాళ్లకు ఒంటరి ఆట చాలదు. పెద్ద బాస్‌ను, అంటే ఆటలోని బలమైన శత్రువును పడగొట్టాలంటే గిల్డ్, అంటే స్థిరమైన జట్టు ఉండాలి. 2004లో ఆట వచ్చిన కొత్తలో మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌లోకి, అంటే జట్టుగా చేసే పెద్ద దాడిలోకి 40 మంది కలిసి దిగేవారు. 2014 నుంచి అత్యంత కఠినమైన స్థాయికి 20 మంది.

మనవాళ్లు ముందు చూడాల్సింది గడియారం. గిల్డ్ పారిస్ సమయం పాటిస్తే, అక్కడ రాత్రి 8కి మొదలయ్యే రెయిడ్ చలికాలంలో మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు. పొద్దున్నే కాలేజీ బస్సు ఎక్కాల్సినవాళ్లకు ఇది కుదరని పని, చేరకపోవడమే మేలు. అదే సింగపూర్ సమయం పాటించే గిల్డ్ అయితే, అక్కడ రాత్రి 8 అంటే మనకు సాయంత్రం ఐదున్నరే.

దెబ్బలు కాసే ట్యాంకా, గాయాలు మాన్పే హీలరా, దాడి చేసేవాళ్లా, జట్టులో ఎవరి చోటు ఖాళీగా ఉందో అడగండి. గెలిచిన ఆయుధాలను పాచికలతో పంచుతారా, పాయింట్లతోనా, పెద్దల నిర్ణయంతోనా? చేరకముందే తేల్చుకోండి. తగవులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఒక రాత్రి వాళ్లతో ఆడి చూడటం. బాస్ చేతిలో ఇరవై మందీ కుప్పకూలిన మరుక్షణం హెడ్‌సెట్‌లో వచ్చే మాటలు శ్రద్ధగా వినండి. నాయకుడు ఎవరెక్కడ నిలబడాలో మళ్లీ ఓపిగ్గా చెబుతున్నాడా, లేక ఒకరిని పట్టుకుని తిడుతున్నాడా? తిట్టే జట్టు ఎంత పేరున్నదైనా వదిలేయండి. చేరాక మాత్రం, కరెంటు పోయేలా ఉంటే ముందే కబురు పెట్టండి. మీకోసం పంతొమ్మిది మంది ఎదురుచూస్తుంటారు.